చన్నీళ్లు పడని చేతులు

చలికాలంలో ఇంటిల్లిపాదికంటే ముందు చన్నీళ్లలో చెయ్యి పెట్టేది ఎవరు? జవాబు కోసం ఏ ఇంట్లోనూ ఎవరూ తడుముకోనక్కరలేదు. వాకిలి ఊడ్చి సాంపి చల్లడం, రాత్రి అంట్లు తోమడం, బియ్యం కడగడం, బట్టలు పిండడం... పొద్దెక్కేలోపు ఆడవాళ్ల చేతులు ఎన్నిసార్లు తడుస్తాయో లెక్కే లేదు. మరి ఆ చన్నీళ్లే ఒంటికి పడకపోతే?

నాకు పడవు. మా మర్కూక్‌లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు మంచులా ఉంటాయి. వాటిలో చెయ్యి పెట్టిన కొద్ది నిమిషాలకే దురద మొదలవుతుంది. దోమ కుట్టినట్టు దద్దుర్లు లేస్తాయి, ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి, చేతులు ఉబ్బుతాయి. గంట తిరిగేసరికి ఏమీ జరగనట్టే మాయమవుతాయి. అసలు చిక్కంతా అక్కడే. డాక్టరు దగ్గరికి చేరేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. ఇంట్లోవాళ్లకూ నమ్మకం కుదరదు. "మేం చెయ్యి పెడ్తలేమా సలినీళ్లల్ల? గీమెకే అచ్చిందా కొత్త రోగం?" అనే మాట పడాల్సి వస్తుంది.

ఇది కొత్త రోగమూ కాదు, పని తప్పించుకునే వంకా కాదు. వైద్యులు దీన్ని 'కోల్డ్ అర్టికేరియా' అంటారు. దద్దుర్లకు మన ఆయుర్వేదంలో ఉన్న పేరే 'శీతపిత్తం'. చల్లగాలి సోకడాన్ని కూడా అందుకు ఒక కారణంగా అందులో చెప్పారు. చల్లదనం తగలగానే చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దురద, వాపు దానివల్లనే. ఇది అంటుకునేది కాదు. నెత్తురు చెడిపోయి వచ్చేదీ కాదు. ఎక్కువగా యౌవనంలో మొదలవుతుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

నిర్ధారించడం పెద్ద ఖర్చుతో పని కాదు. పలచని ప్లాస్టిక్ కవరులో ఐసు ముక్క వేసి, ముంజేతి మీద 5 నిమిషాలు ఉంచి తీస్తారు. మరో 10 నిమిషాల్లో అక్కడ దద్దురు లేస్తే సంగతి తేలినట్టే. ఈ పరీక్ష డాక్టరు ఎదుటే జరగాలి. దద్దుర్లు లేచినప్పుడు సెల్‌ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. అది మీ తరఫున సాక్ష్యం చెబుతుంది. సెట్రిజిన్ వంటి మాత్రలతో చాలామందికి ఉపశమనం ఉంటుంది. మోతాదు ఎంతో డాక్టరే చెప్పాలి. కొన్నేళ్లకు చాలామందిలో దానంతటదే తగ్గుతుంది కూడా.

కానీ తేలిగ్గా తీసుకోవద్దు. చేతులు తడవడం వేరు, ఒళ్లంతా ఒక్కసారి చన్నీళ్లలో మునగడం వేరు. అప్పుడు రక్తపోటు పడిపోయి స్పృహ తప్పవచ్చు. నీళ్లలో ఉండగా అలా జరిగితే ప్రాణానికే ముప్పు. 2020లో కొండపోచమ్మ సాగర్ వచ్చింది మా మండలంలోనే. ఈ సమస్య ఉన్నవాళ్లు అలాంటి నీళ్లలో దిగరాదు. కార్తీక స్నానమైనా సరే, గోరువెచ్చటి నీళ్లతో ఇంట్లోనే చేసుకోండి. ఐస్‌క్రీం తిన్నప్పుడు పెదవులు, నాలుక వాచినా, గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పాలి.

ఇక అసలు విషయం. "చలికి దూరంగా ఉండండమ్మా" అని డాక్టరు చీటీలో రాసిస్తారు. చీటీ ఆమె పేరున ఉంటుంది కానీ, దాన్ని అమలు చేయాల్సింది ఇంట్లోవాళ్లు! హీటరు ఉన్న ఇంట్లో కూడా వేడినీళ్లు మగవాళ్ల స్నానాలకు, బడికి పోయే పిల్లలకు సరిపోతాయి. అంట్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చన్నీళ్లే. ఆమె మందు మింగి, అవే నీళ్లలో చెయ్యి పెడితే ఆ మందు ఎంతవరకు కాపాడుతుంది?

అడిగేది కొండంత కోరికలు కావు. ఓ బకెట్ వేడినీళ్లు అంట్లకూ కేటాయించండి. రాత్రంతా చల్లబడిన ట్యాంకు నీళ్లకంటే అప్పుడే మోటారు వేసి పట్టిన బోరునీళ్లు నయం. లోపల నూలు తొడుగు వేసుకుని రబ్బరు గ్లవ్స్ వాడుకోవచ్చు. తడిచేతులతో గాలికి నిలబడకుండా వెంటనే తుడుచుకోవాలి. చలి నాలుగు నెలలు వాకిలి పని కొడుకో, భర్తో చేస్తే ముగ్గు అందం తగ్గదు.

మరో మాట. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి కూడా చేతులున్నాయి. దురదగా ఉందని ఆమె అంటే సబ్బు పడలేదేమోనని ఊరుకోకుండా, ఏ నీళ్లతో తోముతోందో ఒకసారి చూడండి. రేపటినుంచి గిన్నెలతోపాటు కాసిని వేడినీళ్లు కూడా ఆమె ముందు పెట్టండి.