ట్యాబు ఇచ్చారు సరే, మాట నేర్పేదెవరు?

ఇంగ్లీషు మీకెందుకు అని అడిగే పెద్దమనుషుల్ని ముందు మనం ఒక మాట అడగాలి. అయ్యా, మీ పిల్లలు ఏ బడిలో చదివారు? తల్లిభాష గొప్పతనం మీద సభల్లో ఉపన్యాసాలు దంచేవాళ్ల మనవళ్లు కాన్వెంటు చదువు చదివి అమెరికాలో కూర్చున్నారు. మాల మాదిగ పల్లెల పిల్లలు మాత్రం ఇక్కడే ఉండి తెలుగుని కాపాడాలట! తెలుగు మీద మనకేం పగ లేదు. నాట్లేస్తూ, కోతలు కోస్తూ, డప్పు కొడుతూ పాటలు కట్టి ఆ భాషని బతికించింది మనోళ్లే. కాపలా పని ఒక్కటే మనకి అప్పజెప్తామంటే ఒప్పుకోం.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ 81వ నంబరు జీవో తెచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత తల్లిదండ్రుల్ని అడిగితే 96 శాతం మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం లెక్క చెప్పింది. సర్కారు లెక్కని నమ్మకపోతే పోనీయండి, కూలికి పోయే ఏ తల్లినైనా అడిగి చూడండి. జవాబు అదే. కాబట్టి కావాలా వద్దా అన్న తగువు మన దగ్గర లేదు. ఎట్లా నేర్పుతున్నారన్నదే తగువు.

బోర్డు మీద మీడియం పేరు మారిస్తే పిల్లల నోరు తిరగదు. అది తెలిసే సర్కార్లు యంత్రాన్ని పట్టుకొస్తాయి. ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి టీవీ చూపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దలకి. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం వేరే దారి పట్టింది. 2020లో కరోనా వచ్చినప్పుడు దూరదర్శన్లో, తెలంగాణలో టీశాట్‌లో కూడా పాఠాలేశారు. ఫోన్లో చూడొచ్చన్నారు. ఇంటికొకటే ఫోను. అది పగలు తండ్రి జేబులో పనికి పోద్ది, సాయంత్రం అన్న చేతికొస్తది, చెల్లెలి వంతు వచ్చేసరికి చార్జింగు ఉండదు.

2022 డిసెంబరు 21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు 4.59 లక్షల మందికి, టీచర్లు 59 వేల మందికి ట్యాబులు పంచారు. నెట్టు లేకపోయినా నడిచేట్టు బైజూస్ కంపెనీ పాఠాలు అందులో వేసిచ్చారు. మరుసటి ఏడాది మళ్లీ పంచారు, బడి గోడలకి పెద్ద తెరలు కూడా తగిలించారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జూలైలో ఆ కంపెనీ దివాలా విచారణలో పడింది. మన పిల్లల చదువు పార్టీ గెలుపోటములకీ, కంపెనీ లాభనష్టాలకీ ముడిపడి ఉంటే ఎట్లా? పైగా భాష నోటికి పట్టే వయసు ఒకటో తరగతి. ట్యాబు వచ్చింది ఎనిమిదిలో. ఒకటో తరగతిలో చూస్తే ఒకే పంతులు అన్ని క్లాసులూ కాయాల్సిన బడులు ఇప్పటికీ ఉన్నాయి.

అట్లాగని యంత్రం వద్దనటం లేదు మేం. దానికొక గొప్ప గుణం ఉంది, అది కులం అడగదు. మన పిల్ల ‘స్కూల్’ని ‘ఇస్కూల్’ అంటే క్లాసంతా నవ్వుద్ది, ఒక్కోసారి పంతులు కూడా నవ్వుతాడు. ఆ రోజు మూసుకున్న నోరు పదో తరగతి దాకా తెరుచుకోదు. ట్యాబు నవ్వదు. వందసార్లు అడిగినా విసుక్కోకుండా పలికి చూపిస్తది. కానీ పిల్ల పలికింది వినేవాళ్లు కావాలి, తిరిగి ప్రశ్న వేసేవాళ్లు కావాలి. ఇప్పుడు తిరిగి మాట్లాడే ఫోన్లొచ్చాయి, నిజమే. వాటికి నెట్టు కావాలి, నెట్టుకి నెలనెలా డబ్బు కావాలి.

ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లా బంకా గ్రామంలో 2010లో దళిత రచయిత చంద్రభాన్ ప్రసాద్ ఇంగ్లీషు దేవతకి గుడి తలపెట్టారు. ఆ దేవత నిలబడింది కంప్యూటరు మీద! ఆలోచనలో పదునుంది. అయితే మొక్కితే మాట రాదుగదా.

మాట రావాలంటే ఖరీదైన తెరలే అక్కర్లేదు. ఏ ఫోన్లోనైనా గొంతు రికార్డు చేయొచ్చు. అంబేద్కర్ సంఘం వాళ్లు కమ్యూనిటీ హాల్లో సాయంత్రం గంటసేపు పిల్లల్ని కూర్చోబెట్టండి. డిగ్రీ చదివే మన పిల్లలెవరో ఒకరు ఇంగ్లీషులో అడగాలి: మీ అమ్మ ఇవాళ ఏ పనికి పోయింది? కూలి ఎంతిచ్చారు? జవాబు రికార్డు చేసి, పిల్లకే వినిపించి, మళ్లీ చెప్పించాలి. పిక్నిక్కులు, పుట్టినరోజు కేకులు తర్వాత నేర్చుకోవచ్చు. 1955లో బాబాసాహెబ్ బీబీసీకి ఇంగ్లీషులో ఇచ్చిన ఇంటర్వ్యూ ఇవాళ ఆయన గొంతుతోనే ఫోన్లో దొరుకుద్ది. పెద్ద పిల్లలకి ముక్కలు ముక్కలుగా వినిపించండి. ఆ ఇంగ్లీషు ఎవరి ముందూ తలొంచదు.

ఇక బడి సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, అణగారిన కులాల పిల్లల తల్లిదండ్రులకి దామాషా ప్రకారం చోటుండాలి. మీ ఊరి కమిటీలో మనోళ్లెంతమంది ఉన్నారు? ఉన్నవాళ్లు సంతకానికే పోతున్నారా? వచ్చే మీటింగులో హెడ్మాస్టరుగారిని నిలదీయండి. ఇచ్చిన ట్యాబుల్లో ఎన్ని పనిచేస్తున్నాయి? పెద్ద తెర మీద వారానికి ఎన్ని గంటలు ఇంగ్లీషు పాఠం నడుస్తోంది? బడి వదిలాక గంటసేపు ఆ గది తెరిచి ఉంచుతారా? తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది? చెప్పిన జవాబు మినిట్సు పుస్తకంలో రాయించండి, చదివించుకున్నాకే వేలిముద్ర వేయండి.