పునాది కన్నా ముందు పంపకం

విశాలమైన ఆవరణ, నడుమ ఒక ఇల్లు, పక్కన వేపచెట్టు. పత్తి, మిరప సాగు చేసిన మన పెద్దలు ఇలాంటి ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇంటిని తీసివేసి, స్థలాన్ని బిల్డరుకిచ్చి, అక్కడే నాలుగైదు కుటుంబాలకు కొత్త ఇళ్లు కట్టించుకునే పద్ధతి గుంటూరు నుండి ప్రత్తిపాడు వంటి ఊళ్లకూ వస్తున్నది. సంతానం పెరిగినప్పుడు ఇది వివేకమే. అయితే ఆ స్థలం ఎవరిదో ముందుగా తేల్చుకోవాలి.

తల్లిదండ్రులు ముందే గతించిన ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కుమారులను, ముగ్గురు కుమార్తెలను విడిచి మరణించాడనుకుందాం. అతని అప్పులు, చెల్లించని మహర్, మూడో వంతుకు మించని వసీయత్ తీర్చాక మిగిలిన ఆస్తి, సూరె నిసా 11, 12 ఆయత్‌ల ప్రకారం 8 భాగాలవుతుంది. తల్లికి 1, కుమార్తెలకు ఒక్కొక్కటి, కుమారులకు రెండేసి. ఆ స్థలంలో 8 సమానమైన ఇళ్లు లేచి, సగం బిల్డరుకు పోతే కుటుంబానికి 4 మిగులుతాయి. అన్నదమ్ములకు చెందేది ఒక్కొక్క ఇల్లు మాత్రమే. తక్కిన రెండూ తల్లివి, ఆడపిల్లలవి. మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? అన్నదమ్ములు రెండేసి పంచుకుంటున్నారు!

“పెళ్లికి ఖర్చు చేశాము కదా” అంటారు. ఆ ఖర్చు అల్లాహ్ నిర్ణయించిన వాటాను రద్దు చేయదు. “చెల్లెలే వదులుకున్నది” అంటారు. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో హక్కు విడుదల పత్రంపై పెట్టిన సంతకం మనస్ఫూర్తిగా ఇచ్చినది కాదు. ముందు ఆమె వాటా ఆమె చేతికివ్వండి. ఆ తరువాత ఆమె ఇష్టపడి ఇస్తే అది కానుక. పంపకానికి ముందే ఆమె మరణిస్తే, ఆ వాటా ఆమె వారసులది.

కనుక ఇల్లు పడగొట్టకముందే వాటాలను కాగితంపై వ్రాయండి. డెవలప్‌మెంట్ ఒప్పందంలో తల్లి, అక్కచెల్లెళ్ల పేర్లు కూడా చేర్చి రిజిస్టరు చేయించండి. ఇల్లు కోరని వారికి నేటి ధర ప్రకారం సొమ్ము చెల్లించండి. వీధివైపు ఇల్లు ఎవరికన్న వివాదం వస్తే, విలువల తేడా సరిచేసి చీట్లు వేయండి. 1937 నాటి షరీఅత్ చట్టం కూడా మన వారసత్వానికి షరీఅత్‌నే ప్రమాణం చేసింది.

జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. మరి తోబుట్టువు భాగంపై లేచిన అంతస్తుల మాటేమిటి?

మన ఇళ్లను అల్లాహ్ హలాల్ పునాదులపై నిలుపుగాక! ఆమీన్.