అట్ట మీద తలకాయలు చాలు!



మంగళవారం పంచిన కాలేజీ మ్యాగజైన్ మీ చేతికీ వచ్చింది. మా బెంచీలో నాలుగు కాపీలు సాయంత్రానికల్లా రికార్డు పుస్తకాలకు అట్టలయ్యాయి. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

అట్ట మధ్యలో నల్ల టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న విదేశీ పిల్లలు. దాని మీద చెరిపీ చెరపని వాటర్‌మార్కు. చుట్టూ గుండ్రంగా కత్తిరించిన మేనేజ్‌మెంటు, దాతల తలకాయలు పదకొండు.

మన సెకండియర్ అమ్మాయి ఒకామె నీటిరంగుల్లో ఓ బొమ్మ వేసి ఇచ్చింది. లంకల్లోంచి పడవ మీద కాలేజీకొచ్చే పిల్లలు, ఒడిలో బ్యాగులు. అందులో ఒకడు మోకాలి మీద పుస్తకం పెట్టుకుని పరీక్షకు చదువుకుంటున్నాడు. వాడు గట్టెక్కుతాడా లేదా అని చూసినవాళ్లంతా అడిగారు. ఆ బొమ్మ ఎక్కడుందో తెలుసా? 61వ పేజీలో, తపాలా బిళ్లంత, నలుపు తెలుపుల్లో, వేసినామె పేరు కూడా లేకుండా!

వందేళ్ల కిందట ఈ రాజమండ్రిలోనే ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా ఉండేవాడు. చిత్రకారుడు దామెర్ల రామారావు చేతిలోని పస కనిపెట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు దారి చూపించాడు. అడివి బాపిరాజునూ ఆయనే ప్రోత్సహించాడు. రామారావు 1925లో, ముప్ఫై నిండకుండానే పోయాడు. ఆయన పేరిట చిత్రశాల ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉంది. ఆ తెల్లదొర తెలుగు పిల్లల బొమ్మలు చూశాడు. మన పెద్దలు తెలుగు పిల్లల పత్రికకు తెల్లపిల్లల బొమ్మ తెచ్చారు!

ఇక ఆ తలకాయల సంగతి. పదకొండింటిలో మనది ఒక్కటైనా ఉందా? ఇది ముఖచిత్రం కాదు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీని ఎవరూ చదవరు. తన తల ఎక్కడుంది, పక్కవాడిది తనకంటే పెద్దదా అని అందులో ఉన్నవాళ్లు కొలుచుకుంటారు, అంతే. నాగిరెడ్డి, చక్రపాణి 1947లో చందమామ పెట్టారు. ఆ అట్ట కోసం పిల్లలు ఎదురుచూసింది వాళ్ల ముఖాల కోసమా? ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య బొమ్మల కోసం! సొంత డబ్బు పెట్టినవాళ్లే అట్ట మీదికి ఎక్కలేదు. మన డబ్బుతో వేసిన పుస్తకం మీద వీళ్లెందుకు ఎక్కాలి?

"డబ్బు మేనేజ్‌మెంటుది" అంటారు. ఫీజు రశీదు తీయండి, మ్యాగజైనుకి వేరే గడి ఉంది. "దాతలు నొచ్చుకుంటారు" అంటారు. లోపల ఒక పేజీ వాళ్లకే వదిలేయండి. "పిల్లల ఫొటోలకు క్లారిటీ ఉండదు" అంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఏ ఫొటో అయినా నలుగుతుంది. ఏ4 అట్టకు 300 డీపీఐలో కావలసింది 2480 × 3508 పిక్సెళ్లు. ఒరిజినల్ ఫైలు ఇస్తే మన ఫోన్లే చాలు.

మేం అడిగేవి నాలుగే:

1. ముఖచిత్రం ఎంపిక కమిటీలో సగానికి మించి విద్యార్థులుండాలి.

2. అట్ట మీద ఒకే బొమ్మ. అది ఈ కాలేజీ విద్యార్థి గీసిందో, తీసిందో అయి ఉండాలి. పేరు లోపలి అట్ట మీద అచ్చవ్వాలి.

3. తలకాయలు, ఇంటర్నెట్లోంచి ఎత్తుకొచ్చిన బొమ్మలు వద్దు.

4. చివరికి మిగిలిన మూడు బొమ్మల్ని, మ్యాగజైను పేరు వేసి, అట్ట సైజులో వారం రోజులు నోటీసు బోర్డుకు పెట్టాలి. పేరుకు చోటు మిగలని బొమ్మ, నాలుగడుగుల దూరంలో ఏమిటో తెలియని బొమ్మ అక్కడే తేలిపోతుంది. వరండాలో నడిచేవాణ్ని ఆపి "ఇదేంటి?" అనిపించేదే గెలుస్తుంది.

ఒప్పుకోకపోతే వచ్చే ఏడాది కథ, కవిత, వ్యాసం ఒక్కటీ ఇవ్వం. తలకాయల వెనక ఏం అచ్చేసుకుంటారో వాళ్లే చూసుకోవాలి.

శుక్రవారం లంచ్ బెల్లు కొట్టగానే సైకిల్ స్టాండు దగ్గరికి రండి, సంతకాలు పెడదాం. వచ్చేటప్పుడు మీ కాపీ తెచ్చుకోండి. అట్ట చించి ఆఫీసులో ఇచ్చేద్దాం. లోపలి పేజీలు మనవి, అవి మన దగ్గరే ఉంటాయి.

– బి.ఏ., బి.ఎస్సీ. విద్యార్థులు