అండమాన్ రోడ్డు మీద దిగబడ్డ బండి: గొలుసా, బెల్టా?

అండమాన్ దీవుల్లో వానాకాలం దాదాపు ఎనిమిది నెలలు. మే నెలలో నైరుతి మొదలవుతుంది, అది పూర్తిగా వెళ్లకముందే ఈశాన్యం అందుకుంటుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం. పోర్ట్ బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) దగ్గర మొదలై బారాటాంగ్, రంగత్, మాయాబందర్ మీదుగా డిగ్లిపూర్ చేరే అండమాన్ ట్రంక్ రోడ్డులో తారు అంచు దాటిన చక్రం బంకమట్టిలో కూరుకుపోవడం వింతేమీ కాదు. దిగబడ్డ బండిని ఇంకో బండికి కట్టి లాగడమూ వింత కాదు. హిందీ డ్రైవర్ల నోట అది ‘టోచన్’. దేనితో కట్టాలన్న ప్రశ్న దగ్గరే అందరూ తొందరపడతారు. చేతికి ఏది దొరికితే అది.

మామూలు రోడ్డు మీద ఆ తొందర డ్రైవర్ల సొంత తలనొప్పి. అండమాన్ ట్రంక్ రోడ్డులో కొంత భాగానికి ఆ మాట వర్తించదు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు జారవా తెగ నివసించే రక్షిత అడవి గుండా వెళ్తుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో, పోలీసు రక్షణతో, వరుసగా కాన్వాయ్‌లోనే కదలాలి. దారిలో ఆగకూడదు, దిగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఈ ఆంక్షల వెనుక 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు ఉన్నాయి. అభయారణ్యంలో ఈ రోడ్డును మూసేయాలని 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఉంది. 2012లో ‘మానవ సఫారీ’ వీడియోలు రేపిన దుమారం ఉంది. బయటి ప్రపంచంతో జారవాల సాన్నిహిత్యం మొదలై రెండేళ్లు కాకుండానే, 1999లో వారిలో తట్టు ప్రబలింది. బయటివారి దగ్గు, తుమ్ము కూడా ప్రమాదంగా మారగల అడవి అది. అలాంటి చోట ఒక బండి దిగబడి, లాగే తాడు తెగి, రెండో తాడు కోసం గంటసేపు వెతికితే వెనుక వరుసలో ఉన్న బస్సుల జనం కిందికి దిగక ఏం చేస్తారు? డిక్కీలో ఉన్న తాడు నాణ్యత ఇక్కడ ఆ బండి యజమాని ఒక్కడి వ్యవహారం కాదు.

దీవుల్లో ఈ పనికి సులువుగా దొరికేవి రెండు: గొలుసు, పడవ మోకు.

గొలుసు మీద నమ్మకానికి ఇక్కడ పాత చరిత్ర ఉంది. 1883లో నెలకొల్పిన చాథమ్ రంపపు మిల్లుకు దుంగలు చేరవేయడంలో అటవీ శాఖ ఏనుగులది పెద్ద పాత్ర. అడవిలో కొట్టిన మానును గొలుసుతో ఏనుగుకు తగిలించి ఈడ్పించేవారు. ఆ పనికి గొలుసును మించింది లేదు. రాయికి ఒరుసుకున్నా తెగదు, దుంగ చుట్టూ బిగుసుకుంటుంది, కావలసినంత పొడవు దగ్గర కొక్కెం వేసుకోవచ్చు. అయితే అందులో సగం తెలివి ఏనుగుది. అది ఉరికి లాగదు. ముందు గొలుసులోని వదులు తీసుకుంటుంది, కాళ్లు కూడదీసుకుంటుంది, బరువును మెల్లగా మీదికి తెచ్చుకుంటుంది. జీపు డ్రైవర్ చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. ఒకసారి లాగితే రాకపోయేసరికి నాలుగు అడుగులు వెనక్కి వచ్చి, గొలుసు వదులుగా ఉండగానే యాక్సిలరేటర్ తొక్కుతాడు.

అప్పుడేమవుతుందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. రెండు టన్నుల జీపు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వచ్చి, కదలని బండికి కట్టిన గొలుసు చివర ఆగిందనుకుందాం. ఉక్కు సాగదు. మట్టి, చాసిస్, బుష్‌లు అన్నీ కలిసి ఇచ్చే వెసులుబాటు 5 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ క్షణంలో గొలుసు మీద పడే సగటు లాగుడు 15 టన్నులు దాటుతుంది. రవాణాకు వాడే 70 గ్రేడు గొలుసులో 10 మిల్లీమీటర్ల మందం ఉన్నదాని వాడదగిన బరువు సుమారు 3 టన్నులు. అది తెగే బరువు దానికి నాలుగింతలు, అంటే 12 టన్నులు. మంచి గొలుసే ఆగలేని చోట హార్డ్‌వేర్ అంగడిలో కిలోల లెక్కన కొన్న పేరు లేని గొలుసు ఎలా ఆగుతుంది? ఒకవేళ గొలుసు ఆగినా, దాని చివరి కొక్కెమో బండి బంపరో ఊడి వస్తుంది. అదే జీపు అదే వేగంలో, మీటరు మేర సాగే తాడు చివర ఆగితే సగటు లాగుడు టన్ను లోపే. తేడా అంతా సాగడంలోనే.

పడవ మోకు సంగతి వేరు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 13 శాతం పైనే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిన మత్స్యకార కుటుంబాల ఇంట మోకుకు కొదవ ఉండదు. కానీ వాటిలో చాలావరకు పాలీప్రొపిలీన్. నీటి మీద తేలుతుంది, చవక, అందుకే పడవకు నచ్చుతుంది. ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది, ఒరుపు వేడికి కరుగుతుంది, కుదుపును మింగుకునే గుణం నైలాన్‌తో పోలిస్తే తక్కువ. పైగా దాన్ని బండికి ముడేసి కడతారు. ముడి పడ్డ చోట తాడు తన బలంలో మూడో వంతు నుంచి సగం దాకా పోగొట్టుకుంటుంది. ముడి వేయడంలో మత్స్యకారుడిని మించినవాడు లేడు గానీ, ఎంత మంచి ముడికైనా ఈ నష్టం తప్పదు.

ఇక బెల్టులు. అంగట్లో అన్నింటినీ ‘టోయింగ్ బెల్టు’ అనే అమ్ముతారు. నిజానికి అవి రెండు జాతులు. పాలిస్టర్ బెల్టు వాడదగిన బరువు దగ్గర 3 శాతం దరిదాపుల్లోనే సాగుతుంది. నడవలేని బండిని రోడ్డు మీద మెల్లగా ఈడ్చుకుపోవడానికి అది తగినది. బురదలోంచి కుదుపుతో లాగడానికి చేసినది నైలాన్ బెల్టు. 20 శాతం దాకా సాగుతుంది, దాచుకున్న శక్తితో తిరిగి ముడుచుకుంటూ కూరుకున్న బండిని పైకి తెస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. గుర్తు పట్టడానికి ఒక సులువు: రెండు చివర్లా ఇనుప కొక్కేలు ఉంటే అది కుదుపుకు పనికిరాదు. కుదుపు బెల్టుకు చివర్లలో కుట్టిన ఉచ్చులు మాత్రమే ఉండాలి. బెల్టు తెగితే ఆ కొక్కెం తూటాలా వచ్చి అద్దాన్నో మనిషినో తాకుతుంది. గొలుసు తెగితే రబ్బరులా వెనక్కి కొట్టదు కాబట్టి భద్రమని డ్రైవర్లలో ఒక వాదన ఉంది. అందులో సగమే నిజం. దాచుకునే శక్తి తక్కువే గానీ, విడిపోయిన కొక్కేనికి ఆ తక్కువే చాలు.

ఎంత బలమైన బెల్టు కొనాలి? ఈ విషయంలో ఆస్ట్రేలియాను చూడాలి. అక్కడ ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణాలు పోయిన తర్వాత, లాగుడు బెల్టుల మీద హెచ్చరికల లేబుల్‌ను చట్టప్రకారం తప్పనిసరి చేశారు. రెండు బండ్లలో తేలికైనదాని పూర్తి బరువుకు రెండు నుంచి మూడు రెట్లు తెగే బరువు ఉన్న బెల్టు వాడాలన్నది అక్కడి సూత్రం. సరుకుతో, మనుషులతో కలిపి 2.5 టన్నులు తూగే ఎస్‌యూవీకి 5 నుంచి 7.5 టన్నుల బెల్టు సరిపోతుంది. ‘ఎందుకైనా మంచిది’ అని 15 టన్నులది కొంటే అది తేలిక బండికి సాగదు. సాగని బెల్టు గొలుసు కిందే లెక్క. మన ఆన్‌లైన్ అంగళ్లలో ‘5 టన్నులు’ అని పెద్ద అక్షరాల్లో కనిపించే సంఖ్య తెగే బరువా, వాడదగిన బరువా అన్నది అడిగి తెలుసుకోవాలి. అది చెప్పలేని సరుకు ఎంత చవకైనా వద్దు.

చట్టం వైపు నుంచి చూసినా ఇవి రెండు వేర్వేరు పనులే. 1989 నాటి రహదారి నిబంధనలు లాగే బండికీ లాగించుకునే బండికీ మధ్య ఖాళీ 5 మీటర్లు మించరాదని, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదని నిర్దేశించాయి. వాటి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. 5 మీటర్ల హద్దు ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. రోడ్డు మీద పొడవాటి తాడు ఎదుటి మోటార్ సైకిలుకు కనిపించదు. కుదుపు బెల్టు మామూలు పొడవేమో 9 మీటర్లు. కాబట్టి బురదలోంచి బయటికి తీశాక దాన్ని విప్పేసి, పొట్టి పాలిస్టర్ బెల్టుతోనో గొలుసుతోనో గ్యారేజీ దాకా తీసుకెళ్లాలి. జేసీబీ వచ్చిన చోట అసలు నైలాన్ అక్కరలేదు. అది ఏనుగులాగే మెల్లగా లాగుతుంది, గొలుసు అక్కడ చక్కగా పనికొస్తుంది. బరువెక్కిన టిప్పర్లకైతే అదే దారి.

ఎక్కడ తగిలించాలన్నది ఇంకా ముఖ్యం, దాని మీద శ్రద్ధ ఇంకా తక్కువ. ట్రైలర్ తగిలించే ఉక్కు గుండు కుదుపుకు విరిగి ఎగురుతుంది. ఆస్ట్రేలియా హెచ్చరికల్లో అది ప్రత్యేకంగా ఉంది. ముందు గార్డులను 2017 డిసెంబరులో కేంద్రం వద్దంది, అయినా బిగించుకున్నవాళ్లు దానికే తాడు చుడతారు. అవి బోల్టుల మీద నిలిచిన అలంకారాలు. కొత్త కార్ల బంపర్‌లో మర బిగించుకునే రింగు చదును రోడ్డు మీద ఈడ్వడానికే. దీవుల్లో మరో చిక్కు. ఇక్కడి బండ్లు ఓడల్లో వస్తాయి. ఓడలో కదలకుండా బిగించి కట్టడానికి బండి అడుగున ఇచ్చే చిన్న చెవులను చాలామంది లాగుడు కొక్కేలని పొరబడతారు. ఆ పలుచని రేకు నిలబెట్టి కట్టడానికే గానీ, బురద పట్టు మీద లాగడానికి కాదు. చాసిస్‌కు బిగించిన అసలు పాయింటు ఏదో మాన్యువల్‌లో ఉంటుంది. వాన కురుస్తుండగా కాదు, బయలుదేరే ముందే చూసుకోవాల్సిన పేజీ అది.

సముద్రపు గాలి ఈ సామగ్రిని తినేస్తుంది. గొలుసు తుప్పు పైకి కనిపించేదానికంటే లంకెలు ఒరుసుకునే లోపలి వంపులో ఎక్కువ. నైలాన్ తడిస్తే 10 నుంచి 15 శాతం బలం తగ్గుతుంది, ఆరితే తిరిగి వస్తుంది. పగడపు ఇసుక మాత్రం పోగుల మధ్య చేరి ప్రతి లాగుడుకూ లోపలి నుంచి కోస్తూ ఉంటుంది. మంచినీళ్లలో కడిగి నీడలో ఆరేయడం తప్ప మందు లేదు. అంచు చిరిగిన బెల్టును ముడేసి వాడటం కంటే పారేయడం నయం. రెండు బెల్టులను కలపాల్సి వస్తే ఒకదాని ఉచ్చులోంచి ఇంకోదాన్ని దూర్చి కలపాలి, మధ్యలో ఇనుప షాకిల్ పెట్టకూడదు.

అన్నిటికంటే ముందు పార పని. చక్రం ముందున్న మట్టి తీసి, టైర్లలో గాలి కొంత తగ్గించి, కొబ్బరి మట్టలో కంకరో పరిస్తే కావలసిన లాగుడు ఎంతో తగ్గిపోతుంది. కొన్నిసార్లు తాడే అక్కరలేదు. లాగక తప్పని చోట బెల్టు నడుమ తడి గోనెసంచి వేసి, చూసేవాళ్లను బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం, అంటే 9 మీటర్ల బెల్టుకు 13 మీటర్లకు పైగా, పక్కకు పంపాలి. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. బండి దిగబడితే పది మంది తాడు పక్కనే నిలబడి సలహాలిస్తారు.

ప్రైవేటు డ్రైవర్ల దగ్గర ఇవన్నీ ఉంటాయని ఆశించడం అత్యాశే. చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలో సరుకు వచ్చే చోట అంగట్లో ఉన్నదే కొంటారు. కానీ కాన్వాయ్ అనేది ప్రభుత్వం నడిపే ఏర్పాటు. ఎన్ని బండ్లు, ఏ వేళ, ఎవరి కాపలాలో అన్నది పాలనా యంత్రాంగమే నిర్ణయిస్తుంది. అలాంటప్పుడు వరుస చివర నడిచే వాహనంలో ఏం ఉండాలో కూడా అదే నిర్ణయించాలి. కార్లకు ఒకటి, బస్సులకు తగినంత బలంతో ఇంకొకటి నైలాన్ బెల్టు, పొట్టి పాలిస్టర్ బెల్టు, బరువు ముద్రించిన షాకిళ్లు నాలుగు, రెండు పారలు. కార్లవరకు చూసుకుంటే ఖర్చు కొన్ని వేల రూపాయలు. వీటిని వాడటం నేర్పడానికి జిర్కాటాంగ్‌లో ఒక పూట చాలు. జిర్కాటాంగ్ గేటు దగ్గర కాన్వాయ్ కోసం వేచి ఉండే వేళలో డ్రైవర్ల చేత అసలు లాగుడు పాయింటును ఒకసారి చూపించమంటే, దిగబడే బండ్లలో సగం గొడవ అక్కడే తేలిపోతుంది.