డ్రమ్ము పోయిందనే ముందు...

ప్రింట్‌లో గీత పడకపోతే తప్పు మెషీన్‌దే అని మనందరి గట్టి నమ్మకం. నాదీ అదే. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా కేసముద్రంలో ఆ నమ్మకం కాస్తా గుంతలో పడింది. నిజంగానే గుంతలో.

మా బాబాయి ఇల్లు మొదలుపెట్టాడు. "సివిల్ చదువుతున్నవ్ గదరా, ప్లాన్ నువ్వే గియ్యి" అన్నాడు. కాలర్ ఎగరేసుకుని గీసేశా. ట్రైనెక్కి మానుకోట పోయి, పెద్ద షీట్లు తీసే ఒక షాపులో ఎ1 సైజులో టోనర్ ప్రింట్ తీయించా. షీట్ చుట్టి మేస్త్రి చేతిలో పెట్టా. ఆయన ముగ్గు పోశాడు, కూలీలు గుంతలు తవ్వారు. సాయంత్రం టేపు పెట్టి చూస్తే ఒక వరస పిల్లర్లు నాలుగున్నర అంగుళాలు పక్కకు జరిగి ఉన్నాయి. తొమ్మిది అంగుళాల గోడకు అది సరిగ్గా సగం. షీట్ మీద పిల్లర్ల సెంటర్ లైన్ పడనే లేదు. పాపం మేస్త్రి గోడ అంచునే సెంటర్ అనుకున్నాడు.

కోపంగా షాపుకు పోయా. కౌంటర్ దగ్గరి పిల్లాడు చూసి "డ్రమ్ము పోయినట్టుందన్నా" అన్నాడు. లోపల ఉన్న పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా మెషీన్ సొంత టెస్ట్ పేజీ ఒకటి తీశాడు. అద్దంలా వచ్చింది. "మెషీన్ మంచిగనే ఉన్నది తమ్మీ. నీ ఫైల్ సూద్దాం పా" అన్నాడు. సెంటర్ లైన్ లేయర్‌కు నేను పసుపు రంగు ఇచ్చా. ప్లాట్ చేసేటప్పుడు మోనోక్రోమ్ స్టైల్ పెట్టలేదు. నల్ల టోనర్ ఒక్కటే ఉన్న మెషీన్ పసుపును లేత బూడిద రంగుగా తీసుకుంటుంది. ఆ బూడిద రంగును చుక్కలు చుక్కలుగా వేస్తుంది. సన్న గీత చుక్కలైతే కంటికి ఏం మిగులుతుంది? తప్పు నూటికి నూరు శాతం నాది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనకు ల్యాబుల్లో అన్నీ నేర్పుతున్నారు గానీ తప్పు వెతకడం నేర్పడం లేదు. రికార్డులో రీడింగ్ ముందే ఉంటుంది, మనం దానికి గ్రాఫ్ గీస్తాం. పాడైన వస్తువును చేతికిచ్చి "ఎక్కడ పాడైందో చెప్పు" అన్న ల్యాబ్ నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఆ పెద్దాయన మధ్యాహ్నం అన్నం తినే గ్యాప్‌లో నాకు చెప్పిన పాఠం చూడండి. టోనర్ మెషీన్ పని ఆరు మెట్లు. డ్రమ్ముకు చార్జ్ ఎక్కించడం, వెలుగుతో బొమ్మ రాయడం, పొడి అంటించడం, కాగితం మీదికి దించడం, వేడితో కరిగించడం, డ్రమ్ము తుడవడం. మరక ఏ మెట్టుదో మరకే చెబుతుంది. షీట్ పొడవునా తెల్ల చార పడితే ముందు ఎల్ఈడీ హెడ్ మీద దుమ్ము చూడాలి. ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ వస్తే స్కేలు పెట్టి ఆ దూరం కొలిచి, 3.14తో భాగించాలి. వచ్చేది ఏదో ఒక రోలర్ వ్యాసం. 188 మిల్లీమీటర్లకోసారి వస్తే 60 మిల్లీమీటర్ల రోలర్‌ను వెతకాలి. వేలితో రుద్దితే నలుపు అంటుకుంటోందా? ఫ్యూజర్ వేడి చాలలేదు, లేదా మందం కాగితం పెట్టి సెట్టింగ్ మార్చలేదు. జిరాక్స్‌లో గీత వచ్చి ప్రింట్‌లో రాకపోతే స్కానర్ గాజు తుడిస్తే సరి. ఇంకా తేలకపోతే ప్రింట్ మధ్యలో మెషీన్ ఆపి డ్రమ్ము మీద చూడాలి. అక్కడ బొమ్మ బాగుంటే మొదటి మూడు మెట్లకు క్లీన్ చిట్. లోపం ఆ తర్వాతే ఎక్కడో ఉంది.

వానాకాలంలో నల్లటి చోట మబ్బులు మబ్బులుగా తెలుపు కనిపిస్తే తప్పు మెషీన్‌ది కాకపోవచ్చు. కాగితం చెమ్మ పీల్చుకుంటే దాని మీద చార్జ్ నిలవదు, పొడి సరిగ్గా దిగదు. రోల్‌ను మళ్లీ పాలిథిన్ కవర్‌లో చుట్టి పెట్టడమే మందు. చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో మొదటి బొమ్మ తీసిన ఈ పద్ధతికి తర్వాత జిరోగ్రఫీ అని పేరు పెట్టారు. గ్రీకులో ఎండు రాత అని అర్థం. ఎండు రాతకు చెమ్మే శత్రువు! మన క్లబ్బువాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు, ఎప్పటికీ మర్చిపోరు.

"ప్రింటర్ రిపేరు మెకానిక్ పని, ఇంజనీర్‌ది కాదు" అని మా రూమ్మేట్ వాదన. స్క్రూడ్రైవర్ పట్టమని నేనూ అనడం లేదు. లోపం కనిపించిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు అని తెలియడం మాత్రం ఇంజనీర్ పనే. 2024 సెప్టెంబర్ 1న మా కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాలు గాల్లో వేలాడిన ఫొటోలు మీరందరూ చూసే ఉంటారు. ఫొటోలో కనిపించింది పట్టా. వరద తీసుకుపోయింది దాని కింది కంకరను, మట్టిని.

అందుకే నా మాట ఇది. ప్రతి ల్యాబులో సెమిస్టర్‌కు ఒక్క క్లాసన్నా కావాలని పాడుచేసిన సెటప్ ఇవ్వాలి. మార్కులు రీడింగ్‌కు కాదు, లోపాన్ని ఏ వరసలో వెతికామన్న దానికి వేయాలి. అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ప్రాజెక్ట్ షీట్లన్నీ ఒకేసారి ప్రింట్‌కు ఇవ్వకుండా, అన్ని లేయర్లూ ఉన్న ముక్క ఒకటి ముందు తీయించి కళ్లతో చూద్దాం.

బాబాయి ఇంటి గుంతలు మళ్లీ తవ్వారు. ఆ రోజు కూలి నేనే ఇస్తానంటే బాబాయి తీసుకోలేదు. "ఇగ నుంచి సూసుకొని గియ్యి" అన్నాడు, అంతే. ఆ షీట్ మాత్రం పారేయలేదు. మా హాస్టల్ గది గోడకు అంటించి ఉంది, సెంటర్ లైన్ లేకుండా.