పెద్దదిక్కును, ఖాళీ పీఠమును

వీధికుళాయి యెండినను, మురుగుకాలువ పూడినను, ప్రొద్దుటూరి పౌరుడు పురపాలక సంఘమువైపు చూడడు. శాసనసభ్యుని వాకిలివైపు చూచును. ఆ వాకిలి నేడు శ్రీ నంద్యాల వరదరాజులరెడ్డిగారిది. 1985 మొదలు 2004 వరకు వరుసగా అయిదు ఎన్నికలలో గెలిచి, 2009 లో ఓడి, 2024 లో వృద్ధాప్యమున మరల గెలిచి వచ్చిన పెద్ద యాయన.

ముందుగా నమస్కారము. ఓటమితో ఊరు విడచి రాజధాని చేరిన నాయకులను మనము చూడకపోలేదు. పదునైదేండ్లు పదవికి దూరమైన పిమ్మట, ఎనిమిది పదుల ప్రాయమువానిని పిలిచి ప్రజలు మరల పీట వేసిరనిన, ఆ బంధము ఒక్క ధనముచేతనో భయముచేతనో నిలుచునది కాదు. ఈ మాట ఒప్పుకొనని విమర్శకుడు న్యాయవాది కాడు, పగవాడు.

ఇక అభియోగము. ఇది వ్యక్తిదోషమును గూర్చినది కాదు, మన యలవాటును గూర్చినది. ప్రొద్దుటూరి పురపాలక సంఘము 1915 నాటిది. 1993 లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణ, గడువు తీరకమునుపే పురపాలక ఎన్నిక ముగింపవలెనని శాసించినది. జరిగినదేమి? 2010 నుండి 2014 వరకు, మరల 2019 నుండి 2021 వరకు, రాష్ట్రమందలి తక్కిన పురములతోబాటు ఇచ్చటను ఎన్నికైన సంఘమే లేదు, ప్రత్యేకాధికారి పాలించెను. లక్షన్నరకు పైబడిన జనమున్న పట్టణమున ఒక్క వార్డు ప్రతినిధియు లేకున్నను, ఎవ్వరును వీధికెక్కలేదు. ఏల? పెద్దదిక్కు ఒకటి యున్నదిగదా యను ధీమా! అధికారమున ఏ పక్షమున్నను, ఆ దిక్కు పేరు మారెనే కాని అలవాటు మారలేదు. చట్టమున శాసనసభ్యుడు పురపాలక సంఘమున పదవీరీత్యా సభ్యుడు మాత్రమే. ఆచారమున ఆయనయే సర్వస్వము.

ఇది ఒక్క ప్రొద్దుటూరి జాడ్యము కాదు. జమ్మలమడుగు పేరెత్తిన, పురసంఘాధ్యక్షుని పేరుకంటె ముందు ముఠానాయకుల యింటిపేర్లు వినవచ్చును. పులివెందుల శాసనసభాస్థానము 1978 మొదలు ఒక్క కుటుంబమువారి చేతిలోనే యున్నది.

పెద్దలు తొలగిన ఊరు ముఠాలపాలగునని కొందరందురు. మఱి ఇన్నియేండ్ల పెద్దరికము ముఠాలకు మారుగా నేమి పెంచినది? పురపాలక సంఘము స్వపరిపాలనకు ఓనమాలబడి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు యౌవనమున రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులై, 1953 లో ఆంధ్రరాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి యైరి. ఆ బడిని మూసివేసి, మనకు నాయకులు పుట్టలేదని వగచుట, విత్తనము చల్లక పంటకై యేడ్చుటయే.

రెడ్డిగారిని మేము కోరునది విశ్రాంతి కాదు. తన పలుకుబడిని ఒక్క పనికి వినియోగింపుడని ప్రార్థించుచున్నాము: పురపాలక ఎన్నికలు గడువు దాటకుండ జరిపించుడు, వాకిటికి వచ్చినవానిని వార్డు సభ్యునియొద్దకు పంపుడు, జమాఖర్చులు పఠనమందిరములలో ప్రజల ముందుంచుడు. మఱ్ఱినీడ చల్లనిదే, కాని దాని క్రింద మొలక యెదుగదని రైతు లేని మాట చెప్పలేదు.

పౌరులారా! పెద్దలకు దండము పెట్టుడు. దండముతో మీ బాధ్యత తీరినదని మాత్రము తలపకుడు.