నాగార్జునుడికి ఆరువందల ఏళ్ల ఆయువు పోసినదెవరు?

బౌద్ధ ప్రత్యేక సంచిక ఒకటి ఈ మధ్య నా చేతికి వచ్చింది. అందులో ఒక పండితులు ఆచార్య నాగార్జునుడిని గురించి రాస్తూ, ఆయన శూన్యవాదాన్ని స్థాపించాడనీ, పాదరసాన్ని కట్టి బంగారం చేశాడనీ, సుశ్రుత సంహితను సంస్కరించాడనీ, ఎనభైనలుగురు సిద్ధుల్లో ఒకడై శ్రీశైలంలో తపస్సు చేశాడనీ ఒకే గుక్కలో చెప్పుకుపోయారు. ఇంతటి సర్వతోముఖ ప్రతిభ ఆంధ్రుల సొత్తని ముక్తాయించారు. సొత్తు సంగతి అటుంచి, ఈ సర్వతోముఖుడు అసలు ఒక్క మనిషేనా అన్న అనుమానం వారికి ఎక్కడా కలిగినట్టు లేదు.

ఒక పేరు ఇద్దరికి ఉండడం మనకు కొత్తా? నెల్లూరులో ఒకే వంశాన ఇద్దరు తిక్కనలు. ఒకరు మనుమసిద్ధికి మంత్రి, భారతం రచించినవారు. ఇంకొకరు కాటమరాజు సేనతో పోరాడి నేలకొరిగినవారు. జనం తికమకపడ్డారా? లేదే! కత్తి పట్టినవాణ్ణి ఖడ్గతిక్కన అన్నారు, యజ్ఞం చేసినవాణ్ణి సోమయాజి అన్నారు. భారతం రాసి, ఆ పైన యుద్ధంలో చచ్చిపోయిన తిక్కనను ఎవరూ సృష్టించలేదు. కాటమరాజు కథ చెప్పుకుని బతికేవారికి ఉన్న ఈ పాటి వివేకం, పట్టాలు పుచ్చుకున్న మనకు ఉండవద్దా?

కాలం లెక్క చూడండి. మాధ్యమిక కారికలు రాసిన ఆచార్యుడు క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతం వాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. 401లో చాంగాన్ నగరం చేరిన కుమారజీవుడు ఆయన గ్రంథాన్ని చీనా భాషలోకి తెచ్చాడు గనుక, అంతకు ముందువాడన్నది నిశ్చయం. మరి రసవాది? సోమనాథం దగ్గర దైహక్ కోటకు చెందిన నాగార్జునుడనే రసవాది తనకు సుమారు నూరేళ్ల ముందు ఉండేవాడని 1030 ప్రాంతంలో అల్బెరూనీ రాశాడు. సుశ్రుత సంహితను సంస్కరించినవాడు నాగార్జునుడన్న మాట 12వ శతాబ్ది వ్యాఖ్యాత డల్హణుడిది. మన జగ్గయ్యపేట శాసనంలో ఇంకొక నాగార్జునాచార్యుడున్నాడు. ఆయన శిష్యుడి శిష్యుడు అక్కడ బుద్ధ విగ్రహాన్ని నిలిపాడు. లిపిని బట్టి అది 6వ శతాబ్ది ప్రాంతానిది. వీరందరినీ ఒక్క శరీరంలో కుక్కాలంటే టిబెట్టువారు చేసిన పనే చేయాలి. వారు ఆయనకు 600 ఏళ్ల ఆయువు పోశారు. (2వ శతాబ్ది నుంచి 10వ శతాబ్దికి అదీ చాలదు!) లెక్క కుదరడం లేదని గ్రహించి వారు ఆయువైనా పెంచారు. మన పండితులు ఆ శ్రమ కూడా పడలేదు.

ఈ గందరగోళానికి స్థలాల పేర్లూ తోడయ్యాయి. ఇక్ష్వాకుల శాసనాల్లో కొండ పేరు శ్రీపర్వతం, పట్టణం పేరు విజయపురి. శ్రీశైలానికీ శ్రీపర్వతమనే పేరుంది. రసవాదులకూ సిద్ధులకూ అది పుట్టిల్లు. కొండలో కొండ కలిసింది, మనిషిలో మనిషి కలిశాడు.

అయితే మాత్రం నష్టమేమిటని మిత్రులొకరు అడిగారు. నష్టం ఎవరికో చెబుతాను. ఆచార్యుడిదేనని ఎక్కువమంది విద్వాంసులు ఒప్పుకున్న ‘రత్నావళి’ ఒక రాజుకు చేసిన హితబోధ. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం. 6వ శతాబ్దిలోనే పరమార్థుడు దాన్ని చీనా భాషలోకి మార్చాడు. అందులో శూన్యత ఒక్కటే లేదు. చితికిపోయిన రైతులకు విత్తనాలూ తిండీ ఇమ్మన్నాడు. భారమైన పన్నులు ఎత్తివేయమన్నాడు, తక్కినవి తగ్గించమన్నాడు. రోగులనూ దిక్కులేనివారినీ ఆదుకొమ్మన్నాడు. చెరలో ఉన్నవారిని విడిచిపెట్టేదాకా వారికి క్షురకుడు, స్నానం, అన్నం, మందు, బట్ట సమకూర్చమన్నాడు. దీని పక్కన, 7వ శతాబ్దిలో హ్యూన్‌త్సాంగ్ కోసల దేశాన విని రాసుకున్న కథను పెట్టండి. శాతవాహన రాజు నాగార్జునుడి కోసం కొండను తొలిపించి విహారం కట్టిస్తున్నాడు. బొక్కసం ఖాళీ అయింది. నాగార్జునుడు రాళ్ల మీద మందు చిలకరించాడు. రాళ్లు బంగారమయ్యాయి. రాజు దిగులు తీరింది.

ఒకడు పన్ను తగ్గించమన్నవాడు, ఇంకొకడు బొక్కసం నింపినవాడు. పరుసవేది చేతిలో ఉన్న గురువు ఆస్థానంలో ఉండగా రైతు పన్ను మాట రాజుతో ఎవరెత్తుతారు? రాజులకూ వారి ఆశ్రితులకూ ఏ నాగార్జునుడు ముద్దో వేరే చెప్పాలా? మన సంచికలో బంగారానికి రెండు పుటలు దక్కాయి, రత్నావళికి పేరు మాత్రం దక్కింది. ప్రాచీన వాఙ్మయంలో రైతు పక్షాన రాజుతో మాట్లాడిన గొంతులు మనకు దొరికేవే కొద్ది. దొరికిన ఒక్కదానినీ బంగారపు మూత పెట్టి మూసేస్తే ఊరుకోవాలా?

రసవాదికి జరిగిన అన్యాయమూ తక్కువది కాదు. రసశాస్త్రమంటే చిటికెలు వేయడం కాదు. కొలిమి, తిత్తి, మూస, పుటం, విషపు పొగ. చేతులు కాల్చుకుని పనిచేసిన మనుషులు లోహాల గుణాలు కనిపెట్టారు. దైహక్ కోటవాడు గ్రంథం రాశాడనీ, అది అప్పటికే అరుదైపోయిందనీ అల్బెరూనీ చెప్పాడు. అటువంటి పనివాడి శ్రమను మహాత్ముడి మహిమగా మార్చివేయడం, పని చేసినవాడి పేరు చెరిపి దొర పేరు చెక్కడం వంటిదే.

అద్భుతాలు ఆచార్యుడికి ముందునుంచీ ఉన్నాయి కదా, కుమారజీవుడి పేరున ఉన్న చరిత్రలోనే మాయమైపోయే మందు కథ ఉంది కదా అని పండితులు అనవచ్చు. ఉంది. అది ఇతరులు ఆయనను గురించి చెప్పినది. కారికలూ రత్నావళీ ఆయన చెప్పినవి. ఈ రెంటికీ తేడా తెలియకపోతే సాహిత్య విమర్శ దేనికి?

ఒక మనిషికి పది విద్యలు ఉండకూడదా అన్నది మరో వాదం. నిక్షేపంగా ఉండవచ్చు, పదీ ఆయనవేనని నిరూపించాలి. పేరొక్కటే రుజువైతే, మన సినిమా నటుడు నాగార్జున కూడా వారి పట్టికలో చేరాలి. గుంటూరు దగ్గర 1976లో వెలసిన నాగార్జున విశ్వవిద్యాలయానికి తర్వాత ‘ఆచార్య’ అని చేర్చారు. ఆ ఒక్క మాటలో ఉన్న జాగ్రత్త ఈ సంచికలో లేదు.

‘విగ్రహవ్యావర్తని’ మూలప్రతిని రాహుల్ సాంకృత్యాయన్ 1930లలో టిబెట్టులో కనుగొన్నారు. అన్నిటినీ ప్రమాణాలతో సాధిస్తామనేవారిని, ఆ ప్రమాణాలకు ప్రమాణమేదని ఆచార్యుడు అందులో నిలదీశాడు. పండితులను నేను అంత దూరం అడగడం లేదు. 2వ శతాబ్ది తార్కికుడూ 10వ శతాబ్ది రసవాదీ ఒకరేననడానికి పేరు కాక వేరొక ఆధారం ఒక్కటి చూపమంటున్నాను. వారు జవాబు రాస్తే, ఒక్క అక్షరం కోయకుండా ఇక్కడే అచ్చు వేయమని సంపాదకులను నేనే కోరుతాను.